మోగితే తవ్వు... కుండ కనిపిస్తే ఆగు

2010 ఏప్రిల్. నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతం, ఫ్రూమ్ ఊరికి దగ్గర్లో ఒక పొలం. ఆసుపత్రి వంటగదిలో పనిచేసే డేవ్ క్రిస్ప్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో మెటల్ డిటెక్టర్ ఊపుకుంటూ నడుస్తున్నాడు. అంతకు కొన్నాళ్ల ముందే అదే పొలంలో అతనికి రోమన్ల కాలం నాటి వెండి నాణేలు దొరికాయి. ఇంకేమైనా మిగిలాయేమోనని మళ్లీ వచ్చాడు. ఒకచోట యంత్రం మోగింది. మోగడమైతే మోగింది కానీ తిన్నగా మోగలేదు, తడబడింది. తవ్వి చూశాడు. అడుగు లోతు దాటాక బంకమన్ను తగిలింది. అందులో గోరంత నాణెం. ఇంకాస్త తడిమితే వేళ్లకు వంపు తిరిగిన కుండ అంచు తగిలింది.

లంకెబిందెల కథలు వింటూ పెరిగిన మనకు ఆ తర్వాత ఏం చేయాలో ఒకరు చెప్పక్కర్లేదు. చుట్టూ ఓసారి చూసి, కండువా పరిచి, మూడో కంటికి తెలియకుండా మూట కట్టేయడమే. క్రిస్ప్ మాత్రం తవ్వడం ఆపేశాడు. మట్టి మళ్లీ పూడ్చేసి, ఆ ప్రాంతంలో ఇలాంటి వ్యవహారాలు చూసే అధికారికి కబురు పెట్టాడు.

ఆ నెలలోనే పురావస్తు నిపుణులు వచ్చి మూడు రోజులు తవ్వారు. కుండ భూమిలోనే పగిలి ఉంది. అందుకని నాణేలను పొరలు పొరలుగా తీశారు. ఏ పొరవి ఆ పొరగా సంచుల్లో వేసి, చీటీ రాసి బ్రిటిష్ మ్యూజియానికి పంపారు. అక్కడ కడిగి లెక్కపెడితే 52,503 నాణేలు తేలాయి. బరువు 160 కిలోలు. బ్రిటన్‌లో ఒకే కుండలో ఇన్ని నాణేలు అంతకుముందెన్నడూ దొరకలేదు.

లెక్క కంటే పొరల సంగతి ఆసక్తికరం. ఆ నాణేల్లో కరౌసియస్ అనేవాడివి 766 ఉన్నాయి. ఇతను రోమన్ నౌకాదళ అధిపతి. 286లో రోమ్ మీద తిరగబడి బ్రిటన్‌ను తనదిగా ప్రకటించుకుని, 293లో తన కోశాధికారి చేతిలోనే హతమయ్యాడు. కుండలో అతని నాణేలు కొత్తవాటిలోనే లెక్క. ఎవరో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దాచుకుంటూ వచ్చి ఉంటే అవి పైన ఉండాలి. చాలా భాగం కుండ సగానికి కింద ఉన్నాయి. అంటే కుండను నింపింది ఒకేసారి. పైగా ఆ కుండ గోడ పలచన. 160 కిలోల బరువు నింపి ఎత్తితే చేతిలోనే విచ్చిపోతుంది. కాబట్టి ముందు ఖాళీ కుండను గోతిలో నిలబెట్టి, తర్వాత సంచులతో నాణేలు తెచ్చి అందులో పోశారన్నమాట. తిరిగి తీసుకోవాలనుకున్నవాడు ఎవడూ అలా చేయడు, ఇది ఊరంతా కలిసి దేవుడికి ముట్టజెప్పిన ముడుపు కావచ్చని కొందరు పండితులు వాదించారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

నిధికి 3,20,250 పౌండ్ల ధర కట్టి, క్రిస్ప్‌కూ పొలం యజమానికీ చెరిసగం ఇచ్చారు. నాణేలు టాంటన్ పట్టణంలోని మ్యూజియానికి చేరాయి. ఆ రోజు క్రిస్ప్ కుండ వంచి గోనెలో పోసుకుని ఉన్నా ఈ 52,503 నాణేలూ ఉండేవి. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న సంగతి మాత్రం ఎప్పటికీ తెలిసేది కాదు. పాత నాణేల వేట మంచి సరదానా, చరిత్రకు పట్టిన చెదా అన్న తగువంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

చేను ఖాళీ అయితేనే పండగ

బ్రిటన్‌లో మెటల్ డిటెక్టర్ కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. పొలం యజమాని అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడానికి మాత్రం వీల్లేదు. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట అయితే యజమాని ఒప్పుకున్నా కుదరదు, అది నేరం. అందుకే ఈ సరదా ఉన్నవాళ్లకు యంత్రం కంటే విలువైనది రైతు నోటి మాట. పాల క్యాన్ల దగ్గర నిలబడి పరిచయం చేసుకుని, వాన గురించీ గొర్రెల గురించీ నాలుగు మాటలయ్యాక అసలు సంగతి అడగాలి. తెరిచిన గేటు మూయాలి, తవ్విన గుంత పూడ్చి గడ్డి మళ్లీ అతికించాలి. ఏదైనా విలువైనది దొరికితే ఎవరికెంత అన్నది ముందే కాగితం మీద పెట్టుకోవాలి. ఒక్కడు గుంత పూడ్చకుండా పోయి, అందులో ఆవు కాలు పడిందంటే ఆ చుట్టుపక్కల రైతులెవరూ ఇక ఏ డిటెక్టర్‌వాడినీ గడప తొక్కనివ్వరు.

ఈ సరదా క్యాలెండర్ కూడా రైతుదే. ఆగస్టు, సెప్టెంబరులో గోధుమ కోతలు అయ్యాక కొయ్యకాళ్ల మీద మొదలవుతుంది. దుక్కి దున్నాక ఇంకా మేలు, ఎందుకంటే నాగలి కిందిది పైకి తెస్తుంది. విత్తనం పడిందంటే ఆ చేను మూతపడినట్టే. ఎండాకాలమంతా పశువులు మేసే బీళ్లే దిక్కు.

ఇక యంత్రం. కర్ర చివర పళ్లెంలాంటి భాగంలో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో సన్నని విద్యుత్తు సుడులు తిరుగుతుంది, దానికి మళ్లీ సొంత క్షేత్రం పుడుతుంది. రెండో చుట్టు దాన్ని పట్టుకుంటుంది. ఆ బదులు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి అది ఏ లోహమో యంత్రం ఒక అంచనా కడుతుంది. వెండికి సన్నని, తేటయిన పై స్థాయి మోత. ఇనుప మేకుకు బొంగురు గొంతు. అసలు చిక్కు మధ్యలో ఉంది. చిన్న బంగారు నాణెమూ, కూల్‌డ్రింక్ డబ్బా మూతకు ఉండే అల్యూమినియం రింగూ ఇంచుమించు ఒకే గొంతుతో పలుకుతాయి. చెత్త తవ్వి తవ్వి విసుగొచ్చి ఆ మోతను వదిలేసేవాడు బంగారాన్నీ వదిలేసుకున్నట్టే. మామూలు యంత్రం ఒక నాణేన్ని పసిగట్టేది ఎనిమిది, పది అంగుళాల వరకే. నాణెం పడుకుని ఉండక నిలువుగా ఉంటే ఇంకా తక్కువ. సినిమాల్లో చూపించే పాతాళ నిధులకూ దీనికీ సంబంధం లేదు.

ఇలాంటి యంత్రానికి తొలి పెద్ద పరీక్ష నాణెం మీద కాదు, ఒక మనిషి మీద జరిగింది. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. తూటా ఒంట్లో ఎక్కడ ఇరుక్కుందో డాక్టర్లకు అంతుపట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఒక లోహశోధిని తయారుచేసి అధ్యక్షుడి మంచం దగ్గరికి తెచ్చాడు. ఎక్కడ పెట్టినా ఏదో ఒక మోత. పరుపు కింది ఉక్కు స్ప్రింగులే అందుకు కారణమని తర్వాత తేలింది. పైగా పెద్ద డాక్టరు గారు తూటా కుడి వైపే ఉందని తేల్చేసి అటే వెతకనిచ్చారట. తూటా దొరకలేదు, సెప్టెంబరులో గార్‌ఫీల్డ్ చనిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ అధికారి యూసెఫ్ కొసాట్స్‌కీ తయారుచేసిన మందుపాతరల శోధిని ఎల్ అలమీన్ ఎడారిలో ఎందరో సైనికుల ప్రాణాలు కాపాడింది. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన అలాంటి యంత్రాలు అంగళ్లకు వచ్చాయి. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి యంత్రం బరువూ తగ్గింది, ధరా తగ్గింది. 1970ల నాటికి బ్రిటన్ పొలాల్లో ఆదివారం పూట ఈ మోతలు మొదలయ్యాయి.

మరి ఏం దొరుకుతాయి? ముందుగా మేకులు, గుండీలు, తూటా తొడుగులు, ట్రాక్టరు నట్లు, అల్యూమినియం తుక్కు. ఊళ్ల చెత్తతో చేసిన ఎరువు కొన్న రైతు చేలో అయితే అడుగుకో రేకు ముక్క. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఇక్కడ నిత్యకృత్యం. 2014లో బీబీసీలో మొదలైన ‘డిటెక్టరిస్ట్స్’ హాస్య ధారావాహిక నడిచిందంతా ఈ నిరాశ మీదే. ఇద్దరు మిత్రులు, ఒక చెట్టు నీడ, ఫ్లాస్కులో టీ, చేతిలో ఇంకో తుప్పు పట్టిన రింగు.

అప్పుడప్పుడూ మాత్రం నాణేలు. నాలుగో శతాబ్దపు రోమన్ చిల్లర, అరిగిపోయి, పచ్చబారి, రాజు ముక్కు తప్ప ఏమీ కనిపించనిది. మూడో జార్జి, విక్టోరియాల రాగి పెన్నీలు. అన్నిటిలోకీ నాకు ముచ్చటగా తోచేది మధ్యయుగపు వెండి పెన్నీ ముక్క. మన కాణీకి చిల్లు ఉన్నట్టు ఆ పెన్నీకి వెనకవైపు అంచు దాకా సాగిన శిలువ గుర్తు ఉంటుంది. చిల్లర కావాల్సి వస్తే ఆ గీత వెంబడి కత్తిరించేసేవారు. సగం ముక్క అరపెన్నీ, పావు ముక్క పావుపెన్నీ. పావు ముక్కంటే చిటికెన వేలి గోరు కంటే చిన్నది, ఒకవైపు గుండ్రంగా, రెండువైపులా తిన్నగా తెగిన అంచులతో త్రికోణంలా ఉంటుంది. దాని మీద మిగిలేది రాజు కిరీటపు కొమ్మ ఒకటి, ముద్రించిన ఊరి పేరులో రెండక్షరాలు. తెలిసినవాళ్లు ఆ రెండక్షరాలతోనే రాజునూ ఊరినీ చెప్పేస్తారు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఏ రైతో సంతకు పోతూ జేబులోంచి జారవిడుచుకుని, ఇంటికెళ్లి పెళ్లాం చేత తిట్లు తిన్న చిల్లర అది.

అదృష్టం తగిలిన కథలూ లేకపోలేదు. 2021లో డెవాన్ ప్రాంతంలో ఒకాయనకు దొరికిన ఒక్క నాణెం 1257లో మూడో హెన్రీ వేయించిన బంగారు పెన్నీ. మరుసటి ఏడాది వేలంలో 6,48,000 పౌండ్లు పలికింది. 2019లో చ్యూ వ్యాలీలో దొరికిన 2,584 వెండి నాణేలు 1066 నాటి నార్మన్ దండయాత్ర ముందువెనకలవి. 2024లో వాటికి 43 లక్షల పౌండ్లు చెల్లించారు, మన లెక్కలో 45 కోట్ల రూపాయల పైమాటే. ఆ కుప్పలో కొన్ని నాణేలకు ఒకవైపు ఒక రాజు అచ్చు, ఇంకోవైపు మరో రాజు అచ్చు. కొత్త రాజు వచ్చినప్పుడల్లా టంకశాలవాళ్లు రుసుము కట్టి కొత్త అచ్చులు తీసుకోవాలి. ఆ రుసుము ఎగ్గొట్టడానికి పాత అచ్చుతోనే పని కానిచ్చేశారన్నమాట. పన్ను ఎగవేత అంత పాతది.

పోయిన సుత్తి, దొరికిన మిరియాల డబ్బా

తూర్పు ఇంగ్లండ్‌లోని సఫక్‌లో హాక్సన్ అనే పల్లె. 1992 నవంబరు 16న ఒక రైతు తన పొలంలో సుత్తి పారేసుకున్నాడు. వెతికిపెట్టమని మిత్రుడు ఎరిక్ లాస్‌ను అడిగాడు. ఉద్యోగ విరమణ రోజున బహుమతిగా వచ్చిన డిటెక్టర్ లాస్ దగ్గర ఉంది. సుత్తి కంటే ముందు వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు బయటపడ్డాయి. కొంత తీశాక లాస్ ఆగి, అధికారులకు చెప్పాడు. మర్నాడే పురావస్తు బృందం గుట్టుచప్పుడు కాకుండా వచ్చి తవ్వింది. లాస్ ఆగబట్టే ఆ సొమ్మంతా ఒక చెక్కపెట్టెలో, లోపల చిన్న పెట్టెల్లో ఎలా సర్దారో తెలిసింది. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయినా, వస్తువులు పేర్చిన తీరు పెట్టె ఆకారాన్ని అలాగే నిలిపి ఉంచింది.

మొత్తం 15 వేల దాకా నాణేలు, 200 దాకా వెండి బంగారు వస్తువులు. 1993లో కట్టిన ధర 17.5 లక్షల పౌండ్లు. అప్పటి చట్టం ప్రకారం బహుమతి కనిపెట్టినవాడికే. అయినా లాస్ రైతుకు వాటా ఇచ్చాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఆ వస్తువుల్లో ఒకటి మనకు దగ్గరి చుట్టం. ఒక గొప్పింటి స్త్రీ విగ్రహంలా చేసి, బంగారు పూత పూసిన వెండి డబ్బా. ఎత్తు పది సెంటీమీటర్ల చిల్లర. అడుగున తిప్పే బిళ్ల. ఒకవైపు తిప్పితే నింపుకోవడానికి తెరుచుకుంటుంది, ఇంకోవైపు తిప్పితే సన్నని రంధ్రాల్లోంచి పొడి రాలుతుంది. అది మిరియాల డబ్బా. మిరియం అప్పట్లో మలబారు కొండల్లో తప్ప పండదు. అంటే కేరళ తీరంలో ఓడెక్కిన మిరియాలు ఎర్ర సముద్రం, ఈజిప్టు, రోమ్ దాటుకుని సఫక్‌లో ఒక దొరగారి భోజనాల బల్ల మీద రాలాయి. వాటికి బదులుగా వచ్చిన రోమన్ బంగారం, వెండి దక్కన్‌లో, తమిళ దేశంలో, కృష్ణా తీరంలో, నల్గొండ పల్లెల్లో ఇప్పటికీ కుండల్లో బయటపడుతూనే ఉంటుంది. భారతదేశం మా డబ్బంతా పీల్చేస్తోందని మొదటి శతాబ్దంలోనే ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి వాపోయాడు.

రెండు చివర్లా దొరికిన నాణేలను పక్కపక్కన పెట్టి చూడండి. హాక్సన్ వెండి నాణేల్లో దాదాపు అన్నిటికీ అంచులు కత్తిరించి ఉన్నాయి. ఐదో శతాబ్దం మొదట్లో రోమ్ నుంచి కొత్త నాణేలు రావడం ఆగిపోయాక, ఉన్నవాటి అంచుల వెండి గీకి కొత్తవి చేసుకున్నారు. ఎంత గీకినా చక్రవర్తి ముఖం మాత్రం ముట్టుకోలేదు. ముఖం ఉన్నంత వరకూ అది డబ్బే. ఇక 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో దొరికిన 501 రోమన్ బంగారు నాణేలు చూస్తే, వాటిలో చాలా వాటి మీద ఉలితో చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు పెట్టారు. ఇక్కడివాళ్లకు కావాల్సింది బంగారం, బొమ్మ కాదు. ఇది ఇక డబ్బుగా చెల్లదు, తూకానికే అని చెప్పడానికే ఆ గాటు అని పండితుల ఊహ. అక్కడ కత్తెర అంచుల దగ్గరే ఆగింది, ఇక్కడ ఉలి నేరుగా ముఖం మీదికే దిగింది.

దొంగలు, దొరలు, కరోనర్లు

ఇదంతా చదివి బ్రిటన్‌లో పురావస్తు శాస్త్రజ్ఞులూ డిటెక్టర్ సరదారాయుళ్లూ ఎప్పుడూ భుజం భుజం కలిపి నడిచారనుకోకండి. 1980లో శాస్త్రజ్ఞులు వీళ్లకు వ్యతిరేకంగా పెద్ద ప్రచారమే నడిపారు. మా గతాన్ని ఎత్తుకుపోవడం ఆపండి అన్నది దాని నినాదం. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. సర్రే ప్రాంతంలో వాన్‌బరా అనే చోట రోమన్ల కాలపు గుడి ఉంది. 1980ల మొదట్లో అక్కడ నాణేలు దొరికినవాళ్లు నిజాయతీగా అధికారులకు చెప్పారు. విచారణలో ఆ చోటు పేరు బహిరంగంగా బయటికొచ్చింది. ఇక రాత్రుళ్లు టార్చిలైట్లతో దండు దిగింది. వేల నాణేలు గుంతల్లోంచి నేరుగా వ్యాపారుల చేతికి పోయాయి. అప్పటి చట్టం ప్రకారం, పాతిపెట్టినవాడు మళ్లీ తీసుకుందామనుకునే పాతిపెట్టాడని రుజువైతేనే అది నిధి. గుడిలో దేవుడికిచ్చిన నాణేలకు ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తారు? దొంగల మీద కేసులు నిలవడం కష్టమైంది.

ఆ చేదు అనుభవమే కొత్త చట్టానికి దారి తీసింది. 1996లో చేసిన ట్రెజర్ చట్టం 1997 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అమలైంది. 300 ఏళ్లు దాటిన వెండి బంగారు నాణేలు ఒకేచోట రెండు దొరికినా, రాగి కంచు నాణేలు పది దొరికినా 14 రోజుల్లో కరోనర్‌కు చెప్పాలి. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి. నిధికీ ఆయనకీ ఏం సంబంధమంటే, మధ్యయుగాల నుంచి రాజుగారి ఆస్తి లెక్క చూసేది ఆయనే. నిధి అని తేలితే మ్యూజియాలు అడుగుతాయి. నిపుణుల సంఘం మార్కెట్ ధర కడుతుంది. మ్యూజియం చందాలెత్తో, గ్రాంటు తెచ్చో ఆ డబ్బు ఇస్తుంది. మామూలుగా కనిపెట్టినవాడికి సగం, పొలం యజమానికి సగం. ఎవరికీ అక్కర్లేకపోతే దొరికింది తిరిగి ఇచ్చేస్తారు. చెప్పకుండా దాస్తే జైలు.

చట్టానికి తోడు అదే ఏడాది ఇంకో మంచి పని మొదలైంది. నిధి కిందికి రాని ఒంటరి నాణేన్ని కూడా తెచ్చి చూపించుకోవడానికి ప్రాంతానికో అధికారిని పెట్టారు. ఫొటో తీస్తారు, తూకం వేస్తారు, ఎక్కడ దొరికిందో పటంలో గుర్తు పెడతారు. ఆ పైన నీ నాణెం నీకిచ్చేస్తారు. పోలీసు లేడు, భయం లేదు. ఇలా ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. లింకన్‌షైర్‌లోని టార్క్‌సీలో 872-73 చలికాలం వైకింగ్ సైన్యం విడిది చేసిందని పాత చరిత్రల్లో ఒక్క వాక్యం ఉండేది. ఆ విడిది ఏ చేలలో, ఎంత మేర పరుచుకుందో తేల్చింది డిటెక్టర్‌వాళ్లు ఏళ్ల తరబడి ఓపిగ్గా చూపించుకున్న చిల్లర సామానే. వెండి ముక్కలు, ఆటకాయలు, అరబ్బు దేశాల నుంచి వచ్చిన దిర్హముల ముక్కలు వందకు పైగా.

చట్టం ఉన్నంత మాత్రాన అందరూ క్రిస్ప్‌లు కారు. 2015 జూన్‌లో లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరు డిటెక్టర్‌వాళ్లకు తొమ్మిదో శతాబ్దపు నిధి దొరికింది. బంగారు కంకణం, స్ఫటికపు పతకం, ఉంగరం, 300 దాకా నాణేలు. ఇద్దరూ నోరు మెదపకుండా ఒక్కొక్కటిగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. పోలీసులు వాళ్ల ఫోనులో చెరిపేసిన ఫొటోలను తిరిగి బయటికి లాగితే నాణేల కుప్ప కనిపించింది. 2019లో ఒకరికి పదేళ్లు, ఇంకొకరికి ఎనిమిదిన్నరేళ్లు శిక్ష పడింది, అప్పీలులో తగ్గింది. అప్పటికి చేతికొచ్చిన నాణేలు 31. తర్వాత డర్హమ్ పోలీసులు ఆ నిధివేనని భావిస్తున్న మరో 44 పట్టుకుని ఇంకో ఇద్దరిని జైలుకు పంపారు. మిగతావి ఎవరి బీరువాల్లో ఉన్నాయో.

ఆ నాణేల్లో కొన్నిటి మీద ఇద్దరు రాజులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఒకరు వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్, రెండోవాడు మెర్సియా రాజు రెండో చేయోల్‌వుల్ఫ్. ఆల్‌ఫ్రెడ్ ఆస్థానంలో రాసుకున్న చరిత్ర ఈ చేయోల్‌వుల్ఫ్‌ను తెలివితక్కువవాడనీ వైకింగుల కీలుబొమ్మనీ తీసిపారేస్తుంది. మరి అంత పనికిమాలినవాడి పక్కన ఆల్‌ఫ్రెడ్ సమానంగా ఎందుకు కూర్చున్నాడు? ఇద్దరూ పొత్తులో ఉన్నారనీ, తర్వాత ఆల్‌ఫ్రెడ్ పక్షం రెండోవాడి పేరు చెరిపేసిందనీ నాణేలు చెబుతున్నాయి. ఆ 300 నాణేలూ ఉన్నచోటనే, ఉన్నట్టే దొరికి ఉంటే ఇంకేం చెప్పేవో!

మనకు వానే డిటెక్టర్

మన దగ్గర పాత నాణెం బయటపడటానికి యంత్రం అక్కర్లేదు, తొలకరి చాలు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వాన పడగానే వజ్రాల కోసం జనం గుంపులుగా వంగి నడవడం ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాలలో వాన కడిగిన మట్టి మీద తేలేది నాణేలు. ఊరివాళ్లూ చరిత్ర మీద మమకారం ఉన్న స్థానికులూ ఏరి దాచినవి పి.వి.పరబ్రహ్మశాస్త్రి గారి కంటపడ్డాయి. వాటి మీద గోభద, నారన, సమగోప లాంటి పేర్లు. మన పురాణాల రాజుల జాబితాలో లేని రాజులు. వాటితో పాటు శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరున్న నాణేలు. శాతవాహనులు మహారాష్ట్ర పైఠాన్‌లో మొదలయ్యారా, తెలంగాణ గడ్డ మీదా అన్న చర్చకు ప్రాణం పోసింది ఈ అరిగిన బిళ్లలే. ఆ పైన వి.వి.కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఏరినవాళ్లు కరిగించి అమ్మేసి ఉంటే ఆ రాజులు ఉన్నట్టే మనకు తెలిసేది కాదు.

ఇది ఒకవైపు. రెండోవైపు గుప్తనిధుల పిచ్చి. అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, ఒక మంత్రగాడు, ఈ మధ్య వాటికి తోడు ఒక మెటల్ డిటెక్టర్. పాడుబడ్డ గుడిలో నంది కిందా, శివలింగం కిందా తవ్వేసి పోయారన్న వార్త లేని నెల ఉండదు. నిధి దొరకదు, నంది మాత్రం పగులుతుంది. ప్రభుత్వాలూ ఈ మోజుకు అతీతం కాదు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించిందని చెబితే పురావస్తు సర్వే వాళ్లే గడ్డపారలు పట్టుకుని వెళ్లారు. 2017 డిసెంబరు నుంచి కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి వేట నెలల పాటు సాగింది. రెండుచోట్లా బంగారం దొరకలేదు. కల ఖరీదు ఎవరు కట్టాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు.

బ్రిటన్ సరదాను మన పల్లెలకు అలాగే ఎత్తుకు రావాలని నేను అనను. అక్కడ చాలా నాణేలు వందల ఏళ్లుగా నాగలి కలియదిప్పిన పైమట్టిలో ఉన్నవి, వాటి పొరలు ఎప్పుడో చెదిరిపోయాయి. మన పాటి దిబ్బలు అలా కాదు. ఊరి పక్కన బూడిదమట్టి గుట్టలా కనిపించేది ఒక్కోసారి రెండు వేల ఏళ్ల పట్టణం, పొరల మీద పొరలు చెక్కుచెదరకుండా. అక్కడ ఒకడు యంత్రం మోగిన చోటల్లా గుంత తీస్తే పుస్తకంలో నచ్చిన అక్షరాలు చింపుకుపోయినట్టే. రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం ఎలాగూ నేరమే. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం లెక్కలో పురావస్తువు. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. బ్రిటన్‌లో ఉంటున్న మన పిల్లలు ఎవరైనా అక్కడ ఈ సరదా మొదలుపెడితే సంతోషమే, మంచి గాలి, మంచి నడక. సెలవులకు వస్తూ ఆ యంత్రాన్ని మాత్రం మన ఊరి దిబ్బ మీదికి తేకండి.

తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. దొరికినవాడు భయం లేకుండా వచ్చి చెప్పే చోటు, చెప్పినందుకు దక్కే సరైన ధర. ఇళ్ల పునాదులు, చెరువు పూడిక, ఉపాధి హామీ పనులు, పొలం చదును... మన దగ్గర నిధి దొరికేది కూలీల గడ్డపారకు. వాళ్లకు తెలిసినదల్లా చెబితే పోలీసులొస్తారని. ముందు మేస్త్రీకి తెలుస్తుంది, తర్వాత పంపకాల్లో తేడా వస్తుంది, ఆ తర్వాతే స్టేషన్‌కు తెలుస్తుంది. అప్పటికి సగం కంసాలి కుంపట్లో కరిగి ఉంటుంది.

వాళ్లు అలా అనుకోవడంలో తప్పు కూడా పట్టలేం. దేశంలో ఇప్పటికీ నిధికి ఆధారం 1878లో విక్టోరియా రాణి కాలంలో చేసిన చట్టం. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పి అప్పగించాలి. అప్పట్లో పది రూపాయలంటే ఇంచుమించు పది తులాల వెండి, ఇప్పుడు ఒక టీ డబ్బు. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. చెబితే, హక్కుదారు ఎవరూ రాకపోతే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు కనిపెట్టినవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక. ఇంతవరకు బ్రిటన్ కంటే ఉదారంగానే కనిపిస్తుంది. మెలిక తర్వాతి సెక్షన్లో ఉంది. ప్రభుత్వం ఆ నిధిని తనే తీసుకోవాలనుకుంటే ఇవ్వాల్సింది అందులోని లోహం విలువ, దాని మీద ఐదో వంతు. చరిత్రకు ధర లేదు, కంసాలి తూకానికే ధర.

శాతవాహనుల సీసపు నాణెం ఒకటి మీ చేలో దొరికిందనుకుందాం, ఐదు గ్రాములు ఉంటుందనుకుందాం. సీసం కిలో 200 రూపాయలు లెక్కేసుకుంటే అందులో ఉన్నది రూపాయి సీసం. మూల చట్టం చెప్పిన లెక్కలో దాని మీద ఐదో వంతు కలిపితే రూపాయీ ఇరవై పైసలు. అందులో కనిపెట్టిన కూలీకి 90 పైసలు, చేను యజమానికి 30.